పెద్దమ్మ బూజు

మట్టి పరీక్షల ల్యాబు, వెనక గది
వానలు మొదలైన వారం

చిన్నీ,

నీ కవరు అందింది. ఎప్పటిలాగే లోపల నీ కూతురు పిడుగు జుట్టు చిటికెడు ఉంది, ఉత్తరం ముక్క మాత్రం లేదు. అక్కకి నాలుగు వాక్యాలు రాయడానికి నీ చేతికేం రోగం? చెవుడు ముదిరి ఫోనులో నాకు సగం మాటలు వినిపించి చావవని తెలిసీ ఈ పిసినారితనం ఏమిటి? కవరు మీద నా అడ్రసు రాసే ఓపిక ఉందిగా, అదే చేత్తో లోపల కూడా రాయి.

కిందటిసారి నీ కూతురు నీ చేత అడిగించింది కదా, "నా జుట్టు తీసుకుని పెద్దమ్మ ఏం చేసుకుంటుంది, తనకి లేదా?" అని. జవాబు ఇదీ. నీ సొంత పైత్యం కలపకుండా చదివి వినిపించు.

మట్టిలో, పేడలో కొన్ని బూజులుంటాయి. మిగతా బూజులు ఆకులూ పళ్ళూ రొట్టెలూ తింటే, ఇవి ఎవరికీ అక్కర్లేనివి తింటాయి. రాలిన జుట్టు, ఈకలు, గోళ్ళు, గిట్టలు. వాటిలో కెరాటిన్ అని ఒక మొండి పదార్థం ఉంటుంది. కుక్క మింగినా అరగదు, నీళ్ళలో నానబెట్టినా కరగదు. వీటికి మాత్రం అదే విందు. ఇవే లేకపోతే ఈపాటికి మనమంతా మోకాలి లోతు జుట్టులో నడుస్తూ ఉండేవాళ్ళం. మట్టిలో ఇవి కంటికి కనబడవు కాబట్టి ఎర వేస్తాం. గాజు పళ్ళెంలో సగం దాకా మట్టి పోసి, తడిపి, పైన జుట్టు ముక్కలు చల్లి చీకట్లో పెడతాం. చేపకి వానపాము, దీనికి జుట్టు. పెద్దవాళ్ళ తలలో ఊరే జిడ్డు వీటికి గిట్టదు. పిల్లల జుట్టయితే లొట్టలేసుకుంటూ తింటాయి. నా జుట్టు బూజుకి కూడా లోకువేనని పిడుక్కి చెప్పు, నవ్వుకుంటుంది.

ఇక నా గోల. నేను వెంటపడుతున్న బూజుకి రెండు పేర్లున్నాయి, లేదా రెండు బూజులకి చెరొక పేరు ఉంది. ఏది నిజమో తేల్చడమే నా ఉద్యోగం. ఒకాయన ఎప్పుడో మట్టిలో తెల్లటి పిండిలాంటి దాన్ని చూసి ఒక పేరు పెట్టాడు. చాలాకాలానికి ఇంకొకాయన గుర్రపు లద్దె మీద, ఆవగింజలో సగం ఉండే పసుప్పచ్చ బంతుల్ని చూశాడు. ఇదేదో వేరే వంశమనుకుని ఇంకో పేరు పెట్టి ఇంకో ఇంట్లో పడేశాడు. నా అనుమానం రెండూ ఒకటేనని. తెల్లపిండి పెళ్ళికి ముందు రూపం, పసుపు బంతి పెళ్ళయ్యాక రూపం. సరైన తోడు ఎదురుపడితే తప్ప బంతులు కట్టదు. నా దగ్గరున్న తెల్లపిండికి ఏళ్ళ తరబడి సంబంధాలు చూస్తున్నాను, ఒక్కటీ కుదిరి చావలేదు. పెళ్ళి చేసుకోకుండా కూర్చున్న నేను బూజుకి పెళ్ళిళ్ళ పేరయ్యనయ్యాను. నా పెళ్ళి చూడలేదని బెంగపడ్డవాళ్ళెవరైనా ఉంటే, ఈ పెళ్ళి చూసి తృప్తిపడాలి.

గుర్రాల శాల నుంచి కొత్త లద్దె తెప్పించాను. కానీ ఎర నిండుకుంది. ఈసారి కాస్త ధారాళంగా పంపు. తలకి నూనె పెట్టని రోజున కత్తిరించు.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

అక్క


కళ్ళజోళ్ళ షాపు, అద్దాలు అరగదీసే గది
భోజన విరామం

అక్కా,

తిట్టి రాయించుకున్నావు, ఇదిగో రాస్తున్నాను.

షాపులో పని ఎక్కువగా ఉంది. వానల్లో జనం కళ్ళజోళ్ళు జారవిడుచుకుని పగలగొట్టుకుంటారు, అరగదీయలేక నాకు చేతులు పడిపోతున్నాయి. మీ మరిదికి రాత్రి డ్యూటీలు వేస్తున్నారు. పిడుక్కి ఒంట్లో కాస్త నలతగా ఉంది. జ్వరం వస్తూ పోతూ ఉంది. కాళ్ళ మీద ఎక్కడ తగిలిందో తెలియని నీలి మచ్చలు. గెంతులు వేస్తే తగలవా మరి. డాక్టరు రక్తం తీసి పరీక్షకి పంపింది.

జుట్టు ఇప్పుడు కత్తిరించనంటోంది. నడుం దాకా పెంచుతుందట. చెవి దగ్గర ఎప్పుడూ ఒక పాయ వంకర తిరిగి ఉంటుంది కదా, పొడుగైతే ఆ బరువుకి అదే సాగుతుందట. నీ ఉత్తరం చదివితే మొదటిసారి పకపకా నవ్వింది, రెండోసారి చదవమంది. "ఆ రెండు పేర్లలో ఏ పేరు ఉంటుంది, ఏ పేరు పోతుంది?" అని నన్ను చంపుకు తింటోంది. నీ పరిశోధన నీది, దాని పరిశోధన దానిది. మధ్యలో నేను. అది మాత్రం నీ బూజుకి పేరు పెట్టేసింది, "పెద్దమ్మ బూజు" అని.

ఇంతే. అద్దాలు పిలుస్తున్నాయి.

చిన్ని


ల్యాబు, వెనక గది
(పోస్టులో వేయని ఉత్తరం)

చిన్నీ,

నీ పార్సెల్ విప్పి కుర్చీలో కూలబడ్డాను. జడ! ఏకంగా జడకి జడ! నడుం దాకా పెంచుతానన్న పిల్ల మనసు ఎలా మార్చావే? అడుక్కుంటే పిడికెడు వస్తుందనుకున్నాను, బస్తా దొర్లింది. ఎప్పటిలాగే ఉత్తరం ముక్క లేదు. ఈసారికి క్షమించాను.

పొద్దున్న నుంచి పండగలా ఉంది నాకు. జడ విప్పి, కడిగి, ఆరబెట్టి, అంగుళం ముక్కలుగా కత్తిరించాను. ఆవిరి యంత్రంలో ఉడికించి, బల్ల నిండా గాజు పళ్ళేలు పరిచాను. సగం పళ్ళేల్లో తోట మట్టి, సగం పళ్ళేల్లో గుర్రపు లద్దె. ఒక వరసలో రెండూ కలిపాను. వాటికి పెళ్ళిచూపుల వరస అని పేరు పెట్టాను. ఒక్క వెంట్రుక కూడా వృథా కాలేదు. ఇంత ఎర ఒకేసారి పెట్టే యోగం నా ఉద్యోగంలో ఇప్పటిదాకా పట్టలేదు.

పళ్ళేలు ఫోటో తీయించి దీనితో జతచేస్తాను. పిడుగు చూసుకుని మురిసిపోతుంది. ఫోటోలాయన రేపు వస్తానన్నాడు, రాగానే పోస్టు చేస్తాను.


ఆసుపత్రి, పై అంతస్తు వరండా

అక్కా,

పార్సెల్ ఈపాటికి అందే ఉంటుంది. దానితో ఉత్తరం పెడదామని కూర్చుని, కాగితం ముందేసుకుని, ఏం రాయాలో తెలియక లేచిపోయాను. అందుకని జడ ముందు పంపేశాను.

పిడుక్కి రక్తంలో జబ్బు. మచ్చలు గెంతులవి కావు. డాక్టరు చాలా మాటలు చెప్పింది, నాకు "వెంటనే" అన్నది మాత్రమే గుర్తుంది. మందు ఎక్కిస్తున్నారు. అది పడితే జుట్టంతా ఊడిపోతుందట. ఊడి పక్క మీద పడేదాకా ఆగకుండా ముందే తీసేయమని నర్సు చెప్పింది. ఈ పిల్ల ఒప్పుకుంటుందా? ఏడిచి రాగాలు పెట్టింది. చివరికి బేరం పెట్టింది. తన జుట్టుతోనే విగ్గు కట్టించి తెచ్చిస్తే తీయించుకుంటుందట. ఇంకొకళ్ళ జుట్టు తల మీద పెట్టుకోదట. మీ వీధి మలుపులో నాటకాల వాళ్ళకి విగ్గులు కట్టే ముసలాయన ఉన్నాడని ఎప్పుడో రాశావు కదా. పెద్దమ్మ కట్టిస్తుందని మాట ఇచ్చాను. అప్పుడు తనే కుర్చీలో కూర్చుని, "జడ వేసి కత్తిరించండి, చిక్కు పడకూడదు" అని నర్సుకి చెప్పింది.

నువ్వు రావద్దు. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ రావద్దు. డాక్టరు ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగితే నీ ఉద్యోగం చెప్పాను. బూజుల మధ్య తిరిగేవాళ్ళు దగ్గరికి రాకూడదంది. నీ బట్టల్లో జుట్టులో వాటి విత్తనాలు ఉంటాయట. మనల్ని ఏమీ చేయనివి ఇప్పుడు దానికి ప్రాణం మీదికి తెస్తాయట. నీ ఉత్తరాలు కూడా లోపలికి తీసుకెళ్ళనివ్వడం లేదు. నేను వరండాలో కూర్చుని వేరే కాగితం మీద ఎత్తి రాసుకుని, చేతులు కడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి చదువుతాను.

త్వరగా కట్టించు అక్కా. అది రోజూ అడుగుతోంది.

చిన్ని


ఇల్లు, వంటగది బల్ల

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. ఏం రాయాలో నాకూ తెలియడం లేదు. ధైర్యంగా ఉండు. ఈ రోజుల్లో మంచి మందులు వచ్చాయి. మరిదిని సెలవు పెట్టమను. నువ్వు వేళకి తిను.

పార్సెల్ క్షేమంగా అందింది. విగ్గులాయన దగ్గరికి వెళ్ళి మాట్లాడాను. చేస్తానన్నాడు. టైం పడుతుందన్నాడు. తొందర పడవద్దని పిడుక్కి చెప్పు.

నన్ను రావద్దన్నందుకు బాధపడకు. డాక్టరు చెప్పింది నిజమే.

అక్క


ఆసుపత్రి వరండా

అక్కా,

నీ ఉత్తరం ఎత్తి రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎందుకే అంత పొడిగా రాశావు? ఒక్క వెటకారం లేదు, ఒక్క తిట్టు లేదు. పిడుగు విని, "ఇది పెద్దమ్మ రాసిందేనా?" అంది. నువ్వు కూడా నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెడితే నాకు భయం వేస్తోంది. ఇక్కడ అందరూ నెమ్మదిగానే మాట్లాడుతున్నారు.

మందు రెండో విడత ఎక్కించారు. నోరంతా పూసింది, మంచినీళ్ళు కూడా మంటే. మీ మరిది గాజు తలుపు బయట నిలబడి కోతి చేష్టలు చేస్తాడు. అది చూసి నవ్వుతుంది. ఆయన వరండా చివరికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడతాడు.

కత్తిరించగా మిగిలిన కుచ్చు కూడా ఊడిపోయింది. తలని చేత్తో తడుముకుని, "నా జడ ఎంతవరకు అల్లారో" అంటుంది. విగ్గు కాస్త తొందరపెట్టు. ఇక్కడ ఇంకేదీ నేను తొందరపెట్టగలిగేది లేదు.

చిన్ని


ఇల్లు, వంటగది బల్ల

చిన్నీ,

విగ్గు పంపుతున్నాను. నా చేతి మీదుగా కాకుండా విగ్గులాయనే ఉడుకు నీళ్ళలో శుభ్రం చేసి, ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి, తన షాపు నుంచే పోస్టు చేశాడు. కాబట్టి డాక్టరు అడ్డు చెప్పదు.

ఒక్క జడ తలంతటికీ చాలదన్నాడు. ఇంకొంత కలపాల్సి వచ్చింది. అందుకని కాస్త తేడాగా అనిపించవచ్చు. కొత్తలో అలాగే ఉంటుందట, పెట్టుకోగా పెట్టుకోగా సర్దుకుంటుందట. అద్దంలో చూసుకుని ఏమందో రాయి.

లేదా రాయకపోయినా ఫరవాలేదు. నీ ఇబ్బంది నాకు తెలుసు.

అక్క


ఆసుపత్రి వరండా

అక్కా,

విగ్గు వచ్చింది. పెట్టుకుంది. బాగుంది.

నీకు థాంక్స్ చెప్పమంది. పెట్టుకుని పడుకుంటే గుచ్చుకుంటోందని తీసి పక్కన దిండు మీద పెడుతుంది, డాక్టరు వచ్చే వేళకి మళ్ళీ పెట్టుకుంటుంది. ఈ వారం జ్వరం దిగలేదు. రక్తంలో ఉండాల్సినవి పెరగడం లేదంటున్నారు. ఇంకో రకం మందు చూస్తామన్నారు.

ఈ మధ్య నీ బూజుల గురించి ఒక్క ముక్క రాయడం లేదేం? పిడుగు అడుగుతోంది. దాని మాటలు దాని మాటల్లోనే రాస్తున్నాను. "పెద్దమ్మ బూజు ఇప్పుడు ఏం చేస్తోంది? ఎర వేసిందా? పడిందా?" ఏదో ఒకటి రాయి. అది వినడానికి ఎదురు చూసేవి ఇప్పుడు చాలా తక్కువ.

చిన్ని


ల్యాబు, వెనక గది

చిన్నీ,

పిడుక్కి ముద్దులు. బూజు సంగతి అడిగినందుకు చెబుతున్నాను, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈసారి ఎర వేశాను గానీ ఏమీ ఎదగలేదు. పళ్ళేలన్నీ ఖాళీ. కొన్నిసార్లు అంతే, బూజులకి కూడా తిక్క ఉంటుంది. పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

అది మందులు సరిగ్గా వేసుకుంటే, కోలుకున్నాక తనే వచ్చి ఎర వేయవచ్చని చెప్పు.

అక్క


ఆసుపత్రి వరండా

అక్కా,

ఈ ఉత్తరం మీ మరిదికి కూడా చూపించలేదు.

విగ్గు వచ్చిన రోజే దానికి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. అద్దాలు అరగదీసుకుని బతికేదాన్ని, వెంట్రుకలో ఎంత తేడా ఉన్నా నా కంటికి ఆనదా? నేను నోరు మూసుకున్నాను. అదేమో చెవి దగ్గర పాయ పట్టుకుని సాగదీసి వదిలింది. తిన్నగా ఉండిపోయింది, వంకర తిరగలేదు. "అమ్మా, ఇది నాది కాదు" అంది. "ఒక్క జడ చాలక కలిపారమ్మా" అన్నాను, నువ్వు నేర్పిన మాటే. అది నా మొహంలోకి చూసింది. అప్పుడు ఏమందో తెలుసా? "అమ్మా! పెద్దమ్మ ఎప్పటిలాగే అనుకుని బూజుకి పెట్టేసి ఉంటుందే!" అని నవ్వడం మొదలుపెట్టింది. పూసిన నోటితో, మంట పుడుతున్నా ఆపకుండా నవ్వింది. ఇక్కడికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. "పెద్దమ్మకి చెప్పకు, పాపం సిగ్గుపడుతుంది" అని నా చేత ఒట్టు పెట్టించుకుంది. అందుకే బాగుందని రాశాను.

నేను నవ్వలేదక్కా. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురి జడని ముక్కలు చేసి పేడలో చల్లావు. అది నీ తప్పు కాదని కూడా నాకు తెలుసు. ప్రతిసారీ ఉత్తరం లేకుండా జుట్టు పంపింది నేనే, ఆ కవర్లు బూజుకేనని నీకు అలవాటు చేసింది నేనే. ఒక్క ముక్క రాసి పెట్టి ఉంటే సరిపోయేది. ఆ సంగతి తలుచుకుని నా చెంపలు నేనే వాయించుకున్నాను. అదంతా సరే. కానీ ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి అబద్ధం రాస్తూ పోయావు. వాటిని నేను నా చేత్తో ఎత్తి రాసి, నా నోటితో దానికి చదివాను.

అది బూజు సంగతి ఎందుకు అడిగించిందనుకున్నావు? తన జుట్టు ఏమైందో తెలుసుకోవడానికి. దానికి నువ్వేం రాశావు? ఏమీ ఎదగలేదు, ఖాళీ, పారేస్తానని. అది విని గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది, "జబ్బు జుట్టు కదమ్మా. బూజు కూడా ముట్టుకోలేదు." అప్పటి నుంచి మాట్లాడటం లేదు. విగ్గు కూడా పెట్టుకోవడం లేదు.

నువ్వు రాసింది నిజమే అయితే నాకు జవాబు రాయకు. అబద్ధమైతే నిజం రాయి. తియ్యగా రాయకు, ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు కాదు, దానికి రాయి. కొత్త మందు కూడా పట్టలేదని నిన్న చెప్పారు. రాస్తే త్వరగా రాయి.

చిన్ని


ల్యాబు, వెనక గది

ఒసే పిడుగూ,

దొంగ పెద్దమ్మని రాస్తున్నాను. అబద్ధాలు ముందు ఒప్పుకుంటాను. నీ జడ నేనే కత్తిరించాను, ఎరకి పంపారనుకుని. సంగతి తెలిశాక భయం వేసింది. నీ అంత పిల్లకి భయపడి ఇంత ముసలిదాన్ని అబద్ధాల మీద అబద్ధాలు ఆడాను. నీ తల మీద ఉన్నది విగ్గులాయన దగ్గర కొన్నది. ఎవరో అమ్మాయి అమ్ముకున్న జుట్టు. "పిల్లలకి తెలిసిపోతుందమ్మా" అని ఆయన చెప్పనే చెప్పాడు. నేను వినలేదు. నా చెవుల సంగతి నీకు తెలుసుగా.

పళ్ళేలు ఖాళీ అన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. పొలోమని పెరిగితే, ఆ మాట మీ అమ్మకి ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక అలా రాశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ముందు నీ జుట్టు మీద సన్నగా తెల్ల పొడి కట్టింది, ఎవరో పిండి జల్లినట్టు. ఒక వెంట్రుక తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. బూజు దారాలు వెంట్రుక చుట్టూ అల్లుకుని, అక్కడక్కడ తిన్నగా లోపలికి తొలుచుకు పోతున్నాయి. గోడకి మేకు దిగినట్టు అడ్డంగా కన్నాలు. జబ్బు జుట్టని ముట్టలేదన్నావట. ఆ జడలో చాలా భాగం నీకు జబ్బు రాకముందు పెరిగిందే బుర్రతక్కువదానా. జబ్బు రక్తంలో ఉంది, నీ జుట్టులో లేదు. ఎంతమంది పిల్లల జుట్టో ఇక్కడ ఎరగా పెట్టాను గానీ, ఇంత ఆత్రంగా తినడం నేనెప్పుడూ చూడలేదు. కొన్ని పళ్ళేల్లో ఇప్పుడు వెంట్రుక గుర్తు పట్టడానికి కూడా లేదు, కాస్త మట్టిరంగు నలుసు మిగిలింది. తినేసింది. మొత్తం తినేసింది. ఇది నీకు బాధగా ఉంటే నన్ను తిట్టు.

ఇక అసలు సంగతి. మట్టీ లద్దే కలిపిన వరస ఒకటి పెట్టాను, పెళ్ళిచూపుల వరస. అందులో నీ వెంట్రుకల మీద ఒక పొద్దున్న పసుప్పచ్చ చుక్క కనిపించింది. చెత్త పడిందనుకుని ఊదాను, కదల్లేదు. మర్నాటికి ఇంకొన్ని. చిన్న చిన్న బంతులు, దారాలతో వదులుగా అల్లిన బుట్టల్లాంటివి, చుట్టూ దువ్వెన పళ్ళలాంటి ముళ్ళు. ఒకదాన్ని చిదిపి చూశాను. లోపల సంచులు, ప్రతి సంచిలో విత్తనాలు. వాటిని తీసి విడిగా నాటితే మళ్ళీ తెల్లపిండే వచ్చింది. అంటే రెండూ ఒకటే. మట్టిదానికి లద్దెది తోడు, ఇన్నాళ్ళూ అవి కలవాల్సిన చోటు దొరకలేదంతే. నీ జుట్టు మీద కలిశాయి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ పక్క గదిలో వాళ్ళకి కూడా చెప్పలేదు. నీకే మొదట చెబుతున్నాను.

ఏ పేరు ఉంటుంది, ఏ పేరు పోతుందని అడిగావు కదా. బూజు ఒకటే అని తేలాక పేరు కూడా ఒకటే ఉండాలి. ముందు పెట్టిన పేరే ఉంటుంది, తర్వాతది కొట్టేస్తారు. కాబట్టి మట్టాయన పెట్టింది ఉంటుంది, పేడాయనది పోతుంది. నీ పేరు పెడదామని నాకు ఎంత ఉందో చెప్పలేను. కుదరదు. కొత్తది కాదు కాబట్టి కొత్త పేరు పెట్టనివ్వరు. నీకు అబద్ధం ఆడను కాబట్టి ఇది కూడా చెప్పేస్తున్నాను.

నీ దగ్గరికి రావాలని ఉంది. బట్టలన్నీ మార్చుకుని, గుండు చేయించుకుని అయినా రావాలని ఉంది. డాక్టరుని అడిగించాను, వద్దంది. జీవితమంతా ఈ బూజుతో గడిపాను గానీ, దాని మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

నచ్చింది పిడుగూ. నీ జుట్టు దానికి చాలా నచ్చింది.

నీ పెద్దమ్మ


ఇల్లు

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన పొద్దున్నే వరండాలో కూర్చుని మొత్తం ఎత్తి రాశాను, ఒక్క మాట వదలలేదు. బుర్రతక్కువదానా అన్నది కూడా.

చదువుతుంటే కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకుని ఆపితే, "ఊఁ" అంది. కన్నాల దగ్గర నోరు కాస్త నవ్వింది. పేడాయన పేరు పోతుందన్న దగ్గర "పాపం" అంది. చివరికి వచ్చాక, "అయితే పెళ్ళయిపోయిందన్నమాట" అంది. చాలా నెమ్మదిగా అంది, వంగి వింటే తప్ప వినబడలేదు. విగ్గు ఇమ్మంది. పెట్టాను. జుట్టు అమ్ముకున్న ఆ అమ్మాయికి మళ్ళీ జుట్టు వచ్చి ఉంటుందా అని అడిగింది. వచ్చే ఉంటుందన్నాను.

నా కోపం పోలేదక్కా. ఎప్పటికి పోతుందో తెలియదు. నువ్వు ఇప్పుడు రావచ్చు. ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు. వస్తే మీ మరిదితో కాసేపు కూర్చో, ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు.

సాయంత్రం మళ్ళీ చదవమంది. మొదటిసారి మొత్తం వింది. రెండోసారి సగంలో ఉండగా నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఆపలేదు, చివరిదాకా చదివాను.

చిన్ని